డ్రైవర్ సీటు కింద

ఆదోని,
శుక్రవారం

రేణుకా,

మీ అమ్మకు జ్వరం తగ్గిందనుకుంటాను. ఫోన్లో అయితే "ఊ" అని పెట్టేస్తావు. అందుకే నందవరం పోయే ఆటో అతని చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

మన కారు పని ఇక అయిపోయినట్టే. తలుపుల మీద తుప్పు చూసి నేను భయపడితే మెకానిక్ ఉరుకుందు నవ్వాడు. "పైతుప్పు ఏం సేస్తాదన్నా, గీకి రంగేస్తే పోతాది. ఇప్పటి బండ్లు పదైదేండ్లు యాడికీ పోవు" అన్నాడు. తర్వాత డ్రైవర్ సీటు దగ్గర మ్యాట్ ఎత్తాడు. అడుగు రేకు చిల్లులు పడి కింద రోడ్డు కనిపించింది. వానలే సరిగా పడని మన ఊళ్లో ఎనిమిదేళ్ల బండికి ఇదేం రోగం? "ఏట్లో మునిగిన బండేమోన్నా" అన్నాడు. మాధవరంలో మా బజారి మామ దగ్గరే కదా ఈ బండి కొన్నది. ఏటి ఒడ్డు ఊరు. అప్పుడే ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. "నేను నీకు మోసం సేస్తానేమిరా" అని ఒక్క మాట అని పెట్టేశాడు.

అలసిపోయాను రేణుకా. బండిని పాత ఇనుము కింద అమ్మేస్తాను. మంత్రాలయం బాడుగలు మానేసి జిన్నింగ్ మిల్లులో చేరతాను. నీకూ కావలసింది అదే. ఆస్పరి దారిలో లారీ గుద్దినప్పుడు బండి మానెయ్యమన్నావు. నేను విననని నోరు మూసుకున్నావు. అప్పటి నుంచి నేను బయలుదేరుతుంటే గడప దాకా కూడా రావు. పోతే పోనీ అనుకున్నావని లోలోపల కుమిలిపోయాను. ఇన్నాళ్లూ చెప్పలేదు.

ఈరన్న

ఆదోని,
ఆదివారం

రేణుకా, నా తల్లీ,

మొన్నటి ఉత్తరం పొయ్యిలో వెయ్యి.

అమ్మే ముందు సీట్లు విప్పించాను. డ్రైవర్ సీటు కింద, మూల మూలలా చిన్న చిన్న గుడ్డ మూటలు. రాళ్ల ఉప్పు, ఎండు మిరపకాయలు. నేను బండి లోపల నీళ్లు చల్లి కడిగినప్పుడల్లా ఆ ఉప్పు కరిగి రేకును తినేసింది. "యాడిదన్నా ఇంత ఉప్పు?" అని ఉరుకుందు అడిగితే, ఎండుచేపలు మోశానని చెప్పాను. గుడ్డ నీ ఆకుపచ్చ చీరది. లారీ గుద్దిన రోజు ఆసుపత్రికి కట్టుకొచ్చావే, అది. ఆ చీర ఏమైందని అడిగితే చిరిగిపోయిందన్నావు.

దిష్టి అంటే నేను నవ్వుతానని, అమావాస్య అమావాస్యకూ నాకు తెలియకుండా కట్టి పెట్టావు. నేనేమో గడప దాకా రాలేదని లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను. షెడ్డు వెనక్కి పోయి ఏడ్చాను.

మాధవరం పోయి మామ కాళ్లు పట్టుకున్నాను. "సాల్లేరా, బువ్వ తిను" అన్నాడు.

బండి అమ్మడం లేదు. ఉరుకుందు కొత్త రేకు అతికిస్తున్నాడు. ఇంకో ఏడెనిమిదేళ్లు నడుస్తుందట. బుధవారం అందులోనే వచ్చి నిన్ను తీసుకొస్తాను. ఉప్పు మానొద్దు. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి కొన్నాను. ఈ అమావాస్యకు అందులో పెడుదువుగాని.

నీ ఈరన్న