మాటలున్న సినిమాలు

నగరి,
27-12-2025.

అన్న యువరాజ్‌కు, వదినకు చెల్లెలు చాందిని చేతులెత్తి మొక్కి రాస్తున్న సంగతులు.

ఇక్కడ వేళకు తింటున్నాం, వేళకు పనికి పోతున్నాం. ఆ మాత్రానికి బాగున్నామనే అనాలి. మీరూ పాపా చల్లగా ఉండాలి. ఫోను చేస్తే ఎత్తలేదని కోపం పెట్టుకోవద్దు. మా గోడకు ఆనుకునే మరమగ్గాల షెడ్డు ఉంది కదా. అన్నీ ఒక్కసారి ఆడుతుంటే ఫోను చెవికి నొక్కి పెట్టుకున్నా నువ్వేమంటున్నావో తెలియదు. వీధి చివరకు పోదామంటే అక్కడ మనుషులుంటారు, వాళ్ల ముందు నాకు నోరు పెగలదు. నా సంగతి నీకు తెలియనిదా? అందుకే ఈ కాగితం. ఎదురింటి రూపశ్రీ సోమవారం తిరుపతికి వస్తోంది, ఆమె చేతికిస్తాను.

నువ్వు రెండు అడిగావు. మీ ఓనరు దగ్గర కొండకు తిప్పే వ్యాను నడపడానికి మీ బావ వస్తాడా రాడా, ఒకటో తేదీలోపల చెప్పమన్నావు. రెండోది ప్రతి ఏడూ అడిగేదే, ఈ ఏడాది సినిమాల్లో ఏది బాగుంది, ఎందుకు బాగుంది అని. మొదటిదానికి జవాబు రాయాలంటే చెయ్యి ఆడడం లేదు కాబట్టి రెండోదానితో మొదలుపెడతాను. రాసిందంతా తను చదివాకే కవరు అంటించమన్నాడు మీ బావ. అందుకని ఆయన అభిప్రాయాలు కూడా ఆయన చెప్పినట్టే రాస్తున్నాను.

చిన్నప్పుడు పుత్తూరులో సినిమా చూసి కార్వేటినగరం బస్సెక్కితే, నేను ‘బాగుంది’ అంటే నువ్వు ఒప్పుకునేవాడివి కాదు. ఎందుకో చెప్పేదాకా కిటికీ పక్క సీటు ఇచ్చేవాడివి కాదు. ఏడో తరగతితో బడి మానిపించినా ఆ ఒక్క చదువు నాకు మిగిలింది. ఇప్పుడు నన్ను ఎందుకని అడిగేవాళ్లు నువ్వు తప్ప లేరు.

ఈ ఏడాది సినిమాలు తలుచుకుంటే దిగులుగా ఉందన్నా. సినిమాలు చెడ్డవని కాదు. ఒక్కటీ మాతోపాటు ఇంటికి రాలేదు. పెళ్లయిన కొత్తలో ఒక సినిమా చూస్తే వారమంతా ఆ మాటలే ఇంట్లో తిరిగేవి. మీ బావ మగ్గం దగ్గర విలను, అన్నం దగ్గర హీరో. మా అత్త కుప్పమ్మ, ముందు కూడు తిని తర్వాత చావరా నాయనా అని తిట్టేది. ఇప్పుడు ఇంటికి రాగానే చొక్కా కొయ్యకు తగిలించి గోడవైపు తిరిగి పడుకుంటాడు.

ఏడాది మొదట్లో వచ్చిన పెద్ద హీరో సినిమా నువ్వూ చూసే ఉంటావు. తమ్ముణ్ని చంపినవాళ్ల కోసం జైలు నుంచి వస్తాడే, అది. మీ బావకు అన్నిటికంటే అదే నచ్చింది. ‘సినిమా అంటే అట్లుండాల, ఊరికే వాగుడు ఉండకూడదు’ అన్నాడు. నాకు నచ్చలేదు. ఎందుకో చెప్తాను. హీరో ప్రతి సీనులో తెల్ల చొక్కా వేసుకుని వస్తాడు, పోయేటప్పటికి అది ఎర్రగా అవుతుంది, మళ్లీ తెల్ల చొక్కాతో వస్తాడు. ఇంట్లో పెళ్లాం ఉంది. ఆమె ఆ మరకలు చూసి ఒక్క మాట అడగదు. తెలిసి అడగలేదా, భయపడి అడగలేదా? అది చూపించి ఉంటే ఆమె కూడా ఆ సినిమాలో ఒక మనిషి అయ్యేది.

ఎండాకాలంలో కల్యాణమండపం సినిమా వచ్చింది. ఒకే రోజుకు ఇద్దరికి మండపం బాడుగకిచ్చి ఇద్దరు మిత్రులు పడే అవస్థలు. డైరెక్టరు మాటకు మాట తగిలించి నవ్వించాడు. హాలంతా పొట్ట పట్టుకుంది. మీ బావ మాత్రం అందులో కామెడీయే లేదన్నాడు. ఆయన నవ్వు నీకు తెలుసు కదా, మా నిశ్చితార్థం రోజు వంటవాళ్లు కూడా తొంగిచూశారు. ఒకప్పుడు ఈ ఊరి హాల్లో మొదటి నవ్వు ఆయనదే. ఇప్పుడు అందరూ నవ్వి చల్లారాక ఆయనకు వస్తుంది.

మా ఊరి థియేటరులో సౌండు ఎక్కువ పెడతారు. పగలంతా మగ్గాల మధ్య ఉండి వచ్చేవాళ్లకు మామూలు సౌండు ఆనదు. పుత్తూరు నుంచి వచ్చే చుట్టాలు చెవుల్లో వేళ్లు పెట్టుకుంటారు. అట్లాంటి చోట ఆ రోజు ఇంటర్వెల్‌లో మీ బావ పోయి గేటు దగ్గరి మనిషితో గొడవ పెట్టుకున్నాడు.

‘సౌండు పెట్టప్పా, మాటలు తెలీకుండా ఉండాయి’ అన్నాడు.

‘ఇంకెంత పెట్టేది? వెనకింటి కోళ్లు గుడ్లు పెట్టేది మానేసినాయి’ అన్నాడు గేటు మనిషి.

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మీ బావ కూడా నవ్వాడు. తర్వాత, ఇక ఆ హాలుకు పోవద్దు, మెషిన్లు పాతవైపోయాయి అన్నాడు.

అందుకని వానాకాలంలో తిరుత్తణికి పోయి అరవ సినిమా చూశాం. ఒక ముసలాయన చెరువు మట్టితో బొమ్మలు చేస్తాడు, ఆ చెరువు మీదుగా రోడ్డు వేస్తారు. నిదానంగా పోతుంది. రోడ్డు వేసే ఇంజినీరును చెడ్డవాడిగా చూపించలేదు, అది నాకు బాగా నచ్చింది. అతనికీ ఇంటి దగ్గర ఒక తండ్రి ఉన్నాడు. మీ బావ సినిమా సాగినంతసేపూ నన్ను గిల్లి, ‘ఏమంటా ఉండాడు, నాకు అరవం అంత రాదు కదా’ అని అడిగాడు. నేను ఆయన వైపు తిరిగి కథ చెప్తూ ఉన్నాను. ఆ సినిమా బాగుంది, ఇకమీద అరవ సినిమాలకే పోదాం అన్నాడు.

ఇంట్లో విషయం ఒకటి. మా మామ ఏకాంబరానికి ఇప్పుడు బొత్తిగా వినబడడం లేదు. వయసంతా మగ్గాల దగ్గరే అరిగిపోయింది. అరుగు మీద కూర్చుంటే వీధి పిల్లలు వెనక నుంచి చప్పట్లు కొట్టి, తిరిగాడా లేదా అని పందెం వేసుకుంటారు. పెద్దవాళ్లు కూడా ఆయనను చెవిటి ఏకాంబరం అనే పిలుస్తారు, ఎదురుగానే. మొన్న మా అత్త తమాషాకు ‘నీ నాయనతో కాపురం చేయాలంటే మైకు సెట్టు కావాల’ అంటే మీ బావ కంచం తోసేసి లేచిపోయాడు. ఆమె బిత్తరపోయింది. ఎప్పుడూ అనే మాటే కదా అంది.

ఇక ఈ ఏడాదికి నా సినిమా. నువ్వు చూసి ఉండవు, వారం కూడా ఆడలేదు. నేను పట్టుబడితే పుత్తూరుకు పోయి చూశాం. హాస్టలు అమ్మాయి సినిమా అంటే ఎవరైనా చెప్తారు. పల్లె నుంచి వచ్చి పట్నంలో బట్టల షాపులో పనిచేస్తుంది. పని పోతుంది. ఆ సాయంత్రం వాళ్లమ్మ ఫోను చేస్తుంది. అమ్మాయి హాస్టలు మెట్ల మీద నిలబడి, ముఖమంతా నవ్వుతో, తిన్నానమ్మా, ఈ పూట కోడికూర పెట్టారు, షాపులో నన్నే అందరికంటే మెచ్చుకుంటున్నారు అని చెప్తుంది. ముఖం చూస్తే పెళ్లికి పోతున్నట్టుంటుంది. మాటలు వింటేనే కడుపు తరుక్కుపోతుంది. ఏడుపు సీనులో ఏడవకుండా చేసింది ఆ పిల్ల. అందుకే బాగుంది. హాల్లో ఊపిరి చప్పుడు కూడా లేదు.

ఆ సీనులో మీ బావ గట్టిగా నవ్వాడు.

ముందు వరసలో ఒక పెద్దాయన వెనక్కి తిరిగి, ‘నవ్వేదానికి ఏముండాదప్పా ఈడ? ఆడపిల్లలున్న కొంపలో పుట్టలేదా నువ్వు?’ అన్నాడు. మీ బావ ఇంకా తెర వైపే చూస్తున్నాడు. నేను తల వంచుకున్నాను. దారిలో అడిగితే, ‘నాకు నవ్వొచ్చింది, నవ్వినా. దుడ్డిచ్చి పోయినోడు నవ్వకూడదా?’ అన్నాడు. తర్వాత మేం మళ్లీ సినిమాకు పోలేదు.

తిరుచానూరు ఉత్సవాలకు వచ్చి మీ ఇంట్లో దిగిన రోజు గుడి దగ్గర నువ్వు వెనక నుంచి బావా బావా అని పిలిచినా ఆయన పలకలేదని, గర్వం వచ్చిందని వదినతో అన్నావట. ఆయనకు గర్వం లేదన్నా. ఆ జనంలో వినబడలేదని రాయమన్నాడు.

ఇక వ్యాను సంగతి. షెడ్డు ఓనరు ఈమధ్య ఊరికూరికే మాటలు పడేస్తున్నాడు. మగ్గం మీద మీ బావకు మనసు విరిగిపోయింది. పెళ్లికి ముందు నూలు బేళ్ల టెంపో నడిపిన మనిషి, లైసెన్సు ఉంది, కొండ దారి కొత్త కాదు. నా పక్కనే నిలబడి, ‘వస్తానని రాయి. ఒకటో తేదీకల్లా ఆడుంటానని రాయి’ అంటున్నాడు. వస్తాడు. నువ్వు మీ ఓనరుకు చెప్పుకోవచ్చు. చాన్నాళ్లకు ఆయన ముఖంలో కాస్త వెలుగు కనబడింది.

వదినను అడిగానని చెప్పు. పాపకు ముద్దులు.

నీ చెల్లెలు,
చాందిని.

తా.క.: అన్నా, ఆయన పైదంతా చదివాడు. హాస్టలు అమ్మాయి దగ్గర ఆగి, ఆ నాలుగు ముక్కలూ మళ్లీ చదివాడు. ఆ పిల్ల ఫోనులో ఏమందో ఆయనకు ఇప్పుడే తెలిసింది. కాగితం నా చేతిలో పెట్టి, బాగా రాసినావు, అంటించెయ్ అని, రూపశ్రీ ఏ బస్సుకు పోతుందో కనుక్కోవడానికి ఎదురింటికి పోయాడు. ఆయన వచ్చేలోగా ఇది రాస్తున్నాను.

మా ఊరి హాల్లో సౌండుకు ఏమీ కాలేదు. మీ బావకు వినబడడం లేదు. వాళ్ల నాయనకు వచ్చిందే ఈయనకూ వచ్చింది, ఇంత చిన్న వయసులో. అరవం రాకపోవడం అబద్ధం. మా అత్తది తిరుత్తణి, ఆయన పుట్టి మాట్లాడిందే అరవం. హాస్టలు అమ్మాయి సీనులో నేను కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తుంటే నా భుజాలు కదిలాయి. చీకట్లో ఆయన నా వైపు చూసి, నేను నవ్వుతున్నాననుకుని తనూ నవ్వాడు. ఏడాదంతా నన్ను చూసే నవ్వుతున్నాడు. నేను కనిపెట్టానని ఆయనకు తెలియదు. తెలిస్తే ఆ మాత్రం నవ్వు కూడా పోతుందని ఊరుకున్నాను.

పోయిన నెల బండి మీద పుత్తూరు దారిలో వస్తుంటే వెనక లారీ హారను కొడుతూనే ఉంది. ఆయన పక్కకు తియ్యలేదు. నేను భుజం పట్టి లాగితే బండి మట్టిలోకి పోయి ఆగింది. లారీ వాడు బూతులు తిడుతూ పోయాడు. అప్పుడు ఆయన నా ముఖం చూశాడు, నేను చీర దులుపుకున్నాను. కొండ మలుపుల్లో ఆయన వెనక నేను కూర్చుని ఉండను. బిడ్డలను ఎత్తుకుని వచ్చే యాత్రికులు ఉంటారు. వ్యాను ఇవ్వొద్దన్నా.

మగ్గం దగ్గర ఉంటే మిగిలిన కాస్త వినికిడి కూడా పోతుంది, అదీ తెలుసు. అందుకే వద్దనీ రాయలేక, రమ్మనీ రాయలేక ఇన్ని సినిమాలు రాశాను. ఆయన రాయమన్నది పైన ఉంది, నేను అడిగేది ఇది. వ్యాను వేరేవాళ్లకు పోయిందని ఫోనులో చెప్పి ఊరుకోకు. నువ్వే రా. తిరుపతిలో చెవి డాక్టరు దగ్గరకు తీసుకుపో. లాడ్జీలోనో, పూల కొట్టులోనో, చప్పుడు లేని పని ఏదైనా చూడు. నేను చెప్పానని ఆయనకు తెలిస్తే తెలియనీ. నాతో మాట్లాడడం మానేస్తే మానేయనీ.

నువ్వు వచ్చినప్పుడు పక్కన నిలబడి చెప్పొద్దు. ఎదురుగా కూర్చుని, నీ నోరు ఆయనకు కనబడేలా, మెల్లగా చెప్పు. అంతా అర్థం చేసుకుంటాడు. అరవొద్దన్నా. అరిస్తే వీధి మొత్తానికి వినబడుతుంది, ఆయనకు తప్ప.