మధ్యలో ఆగిన స్తోత్రం

ప్రియమైన పిట్టా,

ఫోనులో అయితే నువ్వు అరుస్తావు, నేనూ అరుస్తాను. ఇప్పుడు నాకు ఆ భాగ్యం లేదు. గొంతు పొదుపుగా వాడమని డాక్టరుగారి ఆజ్ఞ. కాస్త కూర్చుని చదువు.

మెడలో గడ్డ తేలింది. పరీక్షలో మంచిది కాదని వచ్చింది. తీసెయ్యాలి. నా గుండె తీరు చూసి పూర్తి మత్తు వద్దన్నారు, మెడకు మాత్రమే తిమ్మిరెక్కించి చేస్తారట. గొంతును నడిపే నరం ఆ గడ్డను అంటుకునే ఉంది. దానికి దెబ్బ తగిలితే గొంతు పోతుంది. అందుకని నేను మెలకువగా ఉండి, ఆగకుండా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండాలి. మాటలో తేడా వస్తే సర్జనుగారు చెయ్యి తీస్తారు.

బట్టలు కుట్టడానికి నోరక్కర్లేదులే. నా బెంగంతా శుక్రవారం గురించే. షాపు వెనక గదిలో ఆడవాళ్లంతా కూర్చుంటారు, నేను అమ్మవారి స్తోత్రంలో ఒక పాదం అంటే వాళ్లు అందుకుంటారు. మిగతా వారమంతా ఆ గంట కోసమే బతుకుతున్నాను. అది పోతే నేనెందుకూ అనిపిస్తోంది. మొదలుపెట్టిన పారాయణ పూర్తయ్యాకే ఆపరేషన్ అని చెప్పి వచ్చాను. వచ్చే నెలలో చూద్దాం. మీ బావ మొహం మాడ్చుకుని తిరుగుతున్నారు. నువ్వూ మొదలుపెట్టకు.

నీ అక్క

*

అక్కా,

ప్రియమైన అని రాయబుద్ధి కావడం లేదు. నిమ్మకు నీరెత్తినట్టు వచ్చే నెల అంటావా? ఆ గడ్డ నీ పారాయణ అయ్యేదాకా ఆగుతుందా? రోజూ ఆపరేషన్ థియేటర్లో నర్సుగా నిలబడేదాన్ని, ఆలస్యం చేసినవాళ్లకు ఏమవుతుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. రేపే వెళ్లి తేదీ తీసుకో.

ఇంకోటి. అక్కడ నువ్వు స్తోత్రం చదువుతానంటావని నాకు తెలుసు. వద్దు. అంకెలు లెక్కపెట్టు, పేపరు చదువు, బావను తిట్టు. స్తోత్రం ఎత్తుకుంటే నువ్వు ఈ లోకంలో ఉండవు. మధ్యలో లేవకూడదు, మాట్లాడకూడదు అని ఒక పట్టు. గ్యాసు వాసన వస్తోందని బావ కేకలు పెడితే చేత్తో ఆగమని సైగ చేసి, శ్లోకం ముగించి గాని లేవలేదట. అక్కడ నీ చేతులు గుడ్డ కింద ఉంటాయి, సైగలు కుదరవు. సర్జను ఏదైనా అడిగితే వెంటనే నోటితో జవాబు చెప్పాలి.

అమ్మ పోయాక నీ గొంతులోనే అమ్మను వింటున్నాను. ఎప్పుడూ చెప్పలేదు. అది కూడా పోతే నేను తట్టుకోలేను. సెలవు పెట్టి వచ్చేస్తాను.

పిట్ట

*

ప్రియమైన పిట్టా,

నువ్వు గెలిచావు. తేదీ తీసుకున్నాను, ఈ సోమవారమే. పారాయణ పక్కింటి టీచరుగారికి అప్పజెప్పాను. ఆవిడకు శ్రుతి ఆమడ దూరం, అయినా అమ్మవారు సర్దుకుంటుంది.

అంకెల దగ్గర మాత్రం నేను ఓడిపోయాను. ఇంట్లో పడుకుని లెక్కపెట్టి చూశాను. కాసేపటికే భయం పట్టుకుని మెడ బిగుసుకుపోయింది. స్తోత్రం అయితే ఊపిరి దానంతటదే సర్దుకుంటుంది. సర్జనుగారు ఒకసారి చదివించుకుని విన్నారు, కానివ్వండి అన్నారు. ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు పాపం.

నిజం చెప్పనా? ఇన్నేళ్లూ నాలుక నామాలు చెబుతుంటే మనసు జాకెట్టు కొలతల మీద ఉండేది. ఈ వారం ఒక్కో నామం నాకే కొత్తగా వినిపిస్తోంది. పోతుందంటే గాని విలువ తెలీలేదు.

నువ్వు రావద్దు. నిన్ను చూస్తే ఏడుస్తాను, ఏడిస్తే మెడ కదులుతుంది.

నీ అక్క

*

అక్కా,

సోమవారం వెళ్లి మళ్లీ సోమవారం వచ్చింది. బావకు ఫోను చేస్తే "బాగానే ఉంది" అంటారు. అక్కకు ఇవ్వండి అంటే పడుకుంది అంటారు. ఎప్పుడు చేసినా పడుకునే ఉంటావా? గొంతు ఎలా ఉంది అంటే బస్సొచ్చిందని పెట్టేశారు. షాపులో కూర్చునే మనిషికి బస్సేమిటి?

ఇక్కడ నా చేతుల్లోంచి ట్రే జారిపోతే హెడ్ సిస్టర్ ఇంటికి పొమ్మంది. గొంతు పోయిందా? పోతే పోయిందని రాయి. తెలీకుండా ఉండడం నా వల్ల కావడం లేదు.

పిట్ట

*

ప్రియమైన పిట్టా,

మీ బావను ఏమీ అనకు. ఇంకా తేలని సంగతి నీకు చెప్పవద్దని నేనే పలక మీద రాసి చూపించాను. అబద్ధం ఆడడం రాని మనిషి, బస్సు దొరికింది.

గడ్డ మొత్తం తీసేశారు. ఆ భయం లేదు. ఇక రెండోది విను.

మొహం మీద పచ్చగుడ్డ కప్పారు. నర్సు నా చెయ్యి పట్టుకుంది. స్తోత్రం హాయిగా సాగుతోంది. సగం దాటాక ఒక దీర్ఘం దగ్గర నా గొంతు సన్నగా బీటవారింది. బయటివాళ్లకు వినపడేంత కాదు. అప్పుడే సర్జనుగారు, "అమ్మా, తేడా ఏమైనా ఉందా?" అన్నారు.

నేను జవాబు చెప్పలేదు. నువ్వన్నట్టే అయింది. మధ్యలో మాట్లాడితే అపచారం అని నోరు దానంతటదే ముందుకుపోయింది. తరవాతి పాదంలో బీట ఇంకాస్త పెరిగింది. ఆపితే అమ్మవారికి కోపం, ఆపకపోతే గొంతు పోతుంది. అలా నలిగిపోతుంటే ఒక సంగతి తట్టింది. ఇన్నేళ్లూ ఆవిణ్ణి ఇన్ని పేర్లు పెట్టి పిలిచాను. పిలిచానే గాని, నాకేం కావాలో ఒక్కనాడూ చెప్పలేదు.

స్తోత్రం ఆపేశాను. "డాక్టరుగారూ, చెయ్యి తియ్యండి. గొంతు మారింది" అన్నాను.

ఆయన తీశారు. నరం సాగిపోతోందట, ఇంకాస్త లాగితే తెగేదట. మళ్లీ చదవమన్నారు. ఎక్కడ ఆపానో గుర్తు రాలేదు. మొదటి పాదం కూడా రాలేదు. నోట్లోంచి, "అమ్మా, భయమేస్తోందే" అని తెలుగులో వచ్చింది. అదే చెబుతూ ఉండండి అన్నారు సర్జనుగారు.

ఇక చూసుకో. కుట్లు వేసేదాకా అమ్మవారితో మాట్లాడుతూనే ఉన్నాను. బావ గురక గురించి చెప్పాను. జాకెట్టు బిగుతైందని నా మీదికి లేచే బ్యాంకు మేడమ్ గురించి చెప్పాను. నీ మీద కూడా చాడీలు చెప్పాను. నర్సులు నవ్వుతున్నారు. ఆవిడ వింటోంది పిట్టా. పక్క మంచం మీద కూర్చుని విన్నట్టు విన్నది. స్తోత్రం చెప్పినన్నాళ్లూ నాకు దొరకనిది ఇదే. ఆ పచ్చగుడ్డ కింద హాయిగా ఏడ్చాను.

నరం తెగలేదు గాని బాగా సాగింది. కోలుకుంటుందో లేదో చెప్పలేమన్నారు. నరానికి విశ్రాంతి కావాలంటే అప్పటి నుంచీ ఒక్క మాట మాట్లాడలేదు. శుక్రవారం పొద్దున నోరు విప్పి చూడవచ్చట. ఆడవాళ్లంతా వస్తామంటున్నారు, నా నోట మొదట స్తోత్రమే రావాలని వాళ్ల ఆశ. సాయంత్రం రమ్మని పలక మీద రాసి పంపాను.

పొద్దున డ్యూటీకి వెళ్లకుండా ఫోను దగ్గరే ఉండు. ఏ గొంతు వస్తుందో, అసలు వస్తుందో రాదో నాకూ తెలీదు. ఫోనెత్తాక నువ్వు మాట్లాడకు, కాసేపు ఏమీ వినపడకపోయినా పెట్టెయ్యకు. వచ్చేది ఎలా ఉన్నా ముందు నీ పేరే పిలుస్తాను.

నీ అక్క