ఎడమ నడుముకు ఒర

డ్వైట్‌కు మీ వదిన నుంచి,

ఫోను చేస్తే మీ అన్నయ్య వింటారని రాస్తున్నాను.

పక్షవాతం వచ్చాక ఆయన కుడిచెయ్యి ఇక లేవలేదు. షెరీఫ్ ఆఫీసు ఉద్యోగంలో చొక్కా కింద కనబడకుండా కుడి నడుముకు పెట్టుకున్న పిస్తోలు తోలు ఒరను సోమవారం వంటింటి బల్లమీద వేసుకుని కుట్లు విప్పారు. ఎడమ వైపుకు మార్చుకుంటారట. తోలు తడిపి, పిస్తోలును ప్లాస్టిక్ సంచిలో చుట్టి లోపల దూర్చి, ఎడమ బొటనవేలితో ఒత్తి ఒత్తి ఆకారం తెచ్చారు. సూది మాత్రం లాగలేకపోయారు.

"నువ్వు లాగవే. రోజూ నా గుండీలు పెట్టేదానివి, నీకిదో లెక్కా?"

"ఇప్పుడిదెందుకండీ? మనమీదికి ఎవరొస్తున్నారు?"

"ఎవరూ రారులే. సొంత తమ్ముడే రాడు," అని నవ్వారు.

కాదనలేక నేనే కుట్టాను డ్వైట్.

అది పెట్టుకుని అద్దంలో చూసుకున్నాక మనిషే మారిపోయారు. కూర రెండోసారి అడిగి వేయించుకున్నారు. కుక్కను పక్కింటి లవెర్న్‌కు ఇచ్చేశారు. ట్రక్కు నా పేర రాయించారు. ఇవాళ ఉదయం నుంచి ఈల వేస్తున్నారు. ఆ ఈల వింటూనే ఇది రాస్తున్నాను.

ఆ పిస్తోలు నాకిచ్చెయ్యమంటే, "పిచ్చిదానా" అని నా తల నిమిరారు. నువ్వడిగితే ఇస్తారేమో. మీ ఇద్దరికీ మాటల్లేవని తెలుసు. తప్పెవరిదైనా సరే, దుప్పుల వేటకు వచ్చానని చెప్పు. ఆయన్ను మట్టిలో పెట్టి వచ్చాక నువ్వు ఎంత ఏడ్చినా నాకక్కర్లేదు. ఇప్పుడే రా.

మీ వదిన