బ్యాటరీ పెట్టెల్లో కొత్తిమీర

రాయపూర్,
12-9-2018.

చిరంజీవి తమ్ముడు అచ్చయ్యకు అక్క ఆశీస్సులు.

నేను కులాసాగా ఉన్నాను. 'అందరమూ కులాసా' అని రాయడం మన అలవాటు. ఈసారి ఆ మాట రాయలేను. ఎందుకో చెబుతాను. ముందు నీ చెవిన పడిన మాట ఒకటి సరిదిద్దాలి. నీ కొడుకు మహేంద్రను నా దుకాణంలోంచి గెంటేశాననీ, వయసు మీరి నాకు చాదస్తం ముదిరిందనీ అక్కడ చెప్పుకుంటున్నారట. నేనెవరినీ గెంటలేదు. వాడు తెచ్చిన బ్యాటరీలను బండిలోంచి దింపనివ్వలేదు, అంతే. అదైనా కుర్చీ వేసి, టీ ఇచ్చిన తరువాతే వద్దన్నాను.

నువ్వు అడిగినవాటికి జవాబులు. మోకాళ్ళకు పంపిన నూనె అందింది. నొప్పి తగ్గలేదు గానీ వాసన బాగుంది. టాటీబంధ్‌లోని బ్యాటరీల దుకాణం అమ్మడం లేదు. మీ బావగారు రైల్వేలో రిటైరయ్యాక పెట్టినది. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పిన నోటితో లారీ డ్రైవర్లతో బేరమాడడం ఆయన పోయాకే నేర్చుకున్నాను. నా కాళ్ళూ చేతులూ ఆడినంతకాలం అది నడుస్తుంది.

మా వ్యాపారంలో లారీవాడు పాత బ్యాటరీ ఇచ్చి కొత్తది పట్టుకుపోతాడు. ఆ పాతవన్నీ మహేంద్ర తీసుకెళ్ళి, కంపెనీ ధర కన్నా తక్కువకు కొత్తవి తెచ్చేవాడు. అవి ఎక్కడ తయారవుతున్నాయని నేను అడగలేదు. మేనల్లుడిని అడిగేదేమిటనుకున్నాను.

జూలైలో అభన్‌పూర్ దగ్గర వాడింటికి భోజనానికి వెళ్ళాను. పెరట్లో వరసగా నల్లటి ప్లాస్టిక్ పెట్టెలు, వాటి నిండా కొత్తిమీర. కోడలు సంధ్య మురిసిపోతూ చూపించింది.

"నేను ఏదీ పారెయ్యనండి అత్తయ్యగారూ. బ్యాటరీ డబ్బాలు కడిగేసి మట్టి పోశాను. ఇందాక మీరు మారు వడ్డించుకున్న పచ్చడి ఇందులోదే!"

గోడ వెనక రేకుల పాకలో బట్టీ ఉంది. పాత బ్యాటరీలు పగలగొట్టి, సీసం కరిగించి, పలకలు పోసి కొత్త పెట్టెల్లో బిగిస్తున్నారు. పొగ నేరుగా వంటింటి కిటికీ మీదికి వస్తోంది.

"ఇదేం పనిరా?" అన్నాను.

"అరే అత్తా, పర్యావరణం, పర్యావరణం అని క్లాసులు పీకింది నువ్వే కదా! పాతది కరిగించి కొత్తది చేస్తున్నా. జరా సా మాల్ కూడా వేస్ట్ పోదు. నాకు శాలువా కప్పాలి నువ్వు!"

వాడు వేళాకోళమాడలేదు. నిజంగానే అలా నమ్ముతున్నాడు. నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే.

అంతలో లహరి వచ్చి నా ఒళ్ళో కూర్చుంది. కిందటి వేసవిలో నీ ఉత్తరాలు నాకు చదివి వినిపించి, తాతవి కోడిగీతలని నవ్విన నీ మనవరాలే. పలక ఇచ్చి పేరు రాయమన్నాను. 'ల' రాసి ఆగిపోయింది.

"మామ్మా, తర్వాత ఏంటి?" అంది.

నీకు ఇన్నాళ్ళూ దాచినది ఇదే, అచ్చయ్యా. సంధ్యను ఒప్పించి పిల్లకు రక్తపరీక్ష చేయించాను. ఒంట్లో సీసం చేరి మెదడును దెబ్బతీసింది. ఇంకా చేరకుండా ఆపగలమే గానీ, పోయినదంతా తిరిగి వస్తుందని చెప్పలేనన్నారు డాక్టరుగారు. ఆ కాగితం మహేంద్ర ముందు పెట్టాను. రెండుసార్లు చదివాడు. తరువాత, "బట్టీ ఊరి అవతలికి మార్చేస్తాలే అత్తా" అన్నాడు.

"అక్కడ పిల్లలుండరా?" అన్నాను.

ఆ రోజే వాడి దగ్గర కొనడం మానేశాను. పాతవి తిరిగి తీసుకుని, అనుమతి ఉన్న కార్ఖానాలో కరిగించే కంపెనీ సరుకే ఇప్పుడు కొంటున్నాను. ధర ఎక్కువని లారీవాళ్ళు చాలామంది రావడం లేదు. నేను వద్దన్న బండి మాత్రం ఆ సాయంత్రమే ఎదురు దుకాణంలో ఖాళీ అయింది. నా చేతులు శుభ్రమయ్యాయి, బట్టీ ఆరలేదు.

ఆదివారం నుంచి సంధ్యా, లహరీ నా దగ్గరే ఉన్నారు. సోమవారం నేనొక్కదాన్నే కాలుష్య నియంత్రణ కార్యాలయానికి వెళ్ళి ఫిర్యాదు ఇచ్చాను. "పేరు రాయక్కర్లేదు మాతాజీ" అన్నాడు గుమాస్తా హిందీలో. రాశాను. బట్టీ ఉన్న చోటు, మహేంద్ర పేరు, కింద నా పేరు, వాడికి నేను మేనత్తనన్న సంగతీ రాశాను. పదో తరగతి తప్పాక నువ్వు తెచ్చి నా చేతిలో పెట్టిన పిల్లాడు. ఆ చేత్తోనే సంతకం చేశాను.

నిన్ను అడగలేదు. అడిగితే వద్దనేవాడివి, నీ మాట తీసెయ్యలేక ఆగిపోతానని భయపడ్డాను. ఈ ఉత్తరం నీకు అందేసరికి అధికారులు అక్కడికి వెళ్ళి ఉంటారు.

ఇకమీదట నువ్వు నాకు రాయకపోయినా తప్పుపట్టను. లహరికి మాత్రం రాయి. అక్షరాలు పెద్దవిగా, విడివిడిగా రాయి.

ఇట్లు,
నీ అక్క,
శ్రీలక్ష్మి