గుమ్మడికాయ కూర గిన్నె ఎవరికి చేరాలి

మా మేడ కింది వాటాలో ఉంటూ, చిన్నపిల్లల బడిలో ఆయాగా చేసి మానేసి, అందరి చేతా పెద్దమ్మ అని పిలిపించుకునే నేను, గుండె సరిగా లేకపోయినా బుర్ర సరిగానే ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా వంటింటి గట్టు మీద కాగితం పెట్టుకుని నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. దస్తావేజులు రాసే ఆయన ఒక నమూనా ఇచ్చి, ఖాళీలు నింపండి చాలు, మీ గోడు రాయకండి అన్నాడు. ఆ ఖాళీల్లో నాకు కావలసినవి పట్టలేదు. అందుకని ఆయన మాటలు కొన్ని, నా మాటలు కొన్ని కలిపి రాస్తున్నాను. నా చదువు తక్కువ. తప్పులుంటే సర్దుకుని చదవండి.

దీన్ని చదివేటప్పుడు నా కొడుకు, కోడలు, అల్లుడు, మనవరాలు ఉండాలి. మూడో అంతస్తు టైలరమ్మ తప్పకుండా ఉండాలి. మిషను ఆపి రావాలి. కుట్టడానికి ఇచ్చినవాళ్లు ఎదురుచూస్తున్నారని వంక పెట్టకూడదు.

1. నేనూ నా భర్తా కలిసి కొనుక్కున్న ఈ రెండు గదుల వాటా, వంటింటితో సహా, నా తదనంతరం నా మనవరాలికి, అంటే చనిపోయిన నా కూతురి బిడ్డకి, సర్వహక్కులతో చెందాలి. పిల్లకి వయసు వచ్చేవరకు మా అల్లుడు చూసుకోవాలి. అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా అతనిదే. బస్సు నడుపుతాడు. చెయ్యెత్తితే ముసలివాళ్ల కోసం స్టాపు కానిచోట కూడా ఆపే మనిషి. ఇందులో దేన్నీ దాటుకుని పోడని నమ్మకం.

2. నా కొడుక్కి వాళ్ల నాన్న చేతి గడియారం, కొళాయిలు బిగించే సామాన్ల పెట్టె. వాడికి కొళాయి తిప్పడమే తెలుసు, బిగించడం తెలియదు. అయినా తండ్రి వస్తువు కొడుకు దగ్గరే ఉండాలి. కోడలికి, ఆవిడే నాకు కానుకగా తెచ్చిన కొత్త కుక్కరు. పెట్టె విప్పలేదు, బిల్లు కూడా అందులోనే ఉంది. కోపంతో ఇవ్వట్లేదు. నా పొయ్యి దగ్గరకి వచ్చి, ఇంకా ఈ నల్ల బాణలేనా అత్తయ్యా అన్నందుకు ఇస్తున్నాను.

3. నా చెవి దుద్దులు మనవరాలికి. నా కూతురి గళ్ల స్వెట్టరు నా పెట్టెలో అడుగున ఉంది, అదీ దానికే. ఉతక్కండి. పిల్ల అడిగితే ఇవ్వండి, అడగకపోతే అక్కడే ఉండనివ్వండి. అల్లుడికి మూడరల టిఫిను డబ్బా. నా కూతురు పోయినప్పటి నుంచి నేనే నింపి పంపుతున్నాను. బాగుందనడు, బాగాలేదనడు, డబ్బా మాత్రం కడిగి ఇస్తాడు. ఆ కడగడానికే ఇస్తున్నాను.

4. ఇది పొడుగు. కూర్చుని వినండి.

మా మేడలో ఒక పద్ధతి ఉంది. సాయంత్రం పనుల నుంచి వచ్చే ఆడవాళ్లు మెట్ల మలుపులో సంచులు దించి, రాత్రికి ఏం చేస్తున్నావే అని మొదలుపెడతారు. తోచనివాళ్లకి తోచినవాళ్లు చెప్తారు. ఉడికిన బంగాళాదుంపలు మిగిలితే చిదిమి, గుడ్డు కొట్టి అట్టులా పోసెయ్యమని ఒకరు. క్యాబేజీ అంటే మా వాడు పళ్లెం తోసేస్తాడంటే, సన్నగా తరిగి నూడుల్స్‌లో కలిపెయ్, వాడి తాత కూడా కనిపెట్టలేడని ఇంకొకరు. చెప్పినందుకు రుసుము ఒక్కటే. ఎవరు చెప్పింది వండావో వాళ్లింటికి, మీ ఇంట్లో ఎవరూ ఎంగిలి పడకముందే, ఒక చిన్న గిన్నెలో కూర వెళ్లాలి. చెప్పినందుకు గిన్నె అంటారు దాన్ని.

నా కూతురు పెళ్లయ్యాక ఈ మేడలోనే రెండో అంతస్తులో అద్దెకి దిగింది. ఆ ఇల్లు ఖాళీ అయిందని తెలిసి ఇంటాయన వెంటపడి మాట్లాడింది నేను. పిల్ల కళ్లెదుట ఉంటుందని. ఉంది. కానీ సాయంత్రమయ్యేసరికి దాని గిన్నె పైకి పోయేది, టైలరమ్మ ఇంటికి. నేను గుమ్మంలో కూర్చుంటే మెట్ల మీద దాని చెప్పుల చప్పుడు వినిపించేది. పైకెళ్లే చప్పుడు వేరు, కిందికి వచ్చే చప్పుడు వేరు. ఆ రెండింటికీ తేడా నాకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు.

ఒకసారి ఉండబట్టలేక, నీ నోట్లో మొదటి ముద్ద పెట్టింది నేనా ఆవిడా, నన్నెందుకు అడగవే అన్నాను. నీ వంటలన్నీ నాకు వచ్చు కదమ్మా, రానిది చెప్పేవాళ్లనే కదా ఎవరైనా అడిగేది అని నవ్వింది. మాట న్యాయంగానే ఉంది. నా కడుపు మంట మాత్రం తగ్గలేదు.

టైలరమ్మ చెడ్డదని రాయట్లేదు. చెడ్డదైతే నాకు సుఖంగా ఉండేది. నా జాకెట్టు చంకలో పట్టేస్తుంటే అడగకుండానే వదులు చేసిచ్చింది. అది తొడుక్కున్నప్పుడల్లా హాయిగా ఉండేది, ఆ హాయికి కూడా ఒళ్లు మండేది.

5. గుమ్మడికాయ కూర సంగతి.

కూతురు రెండో అంతస్తులో కాపురం పెట్టాక, ఒక రోజు గుమ్మడికాయ ముక్కలు బాణలిలో వేసి మరిచిపోయాను. ఒక వైపు ఎర్రగా, మాడీ మాడనట్టు కాలి, లోపల మెత్తగా అయ్యాయి. వెల్లుల్లి చితక్కొట్టి విడిగా కరకరలాడేలా వేయించి పైన చల్లాను. దించాక నిమ్మకాయ పిండాను. తిని, ఇది దానికి రానిది అనుకున్నాను. కానీ నాకు నేనుగా వెళ్లి చెప్పాలా? అది కదా వచ్చి అడగాలి.

అందుకని మా మేడవాళ్ల బట్టలు ఇస్త్రీ చేసే ఆమెకి చెప్పాను. నువ్వు చెప్పినట్టు టైలరమ్మకి చెప్పు, నా పేరు ఎత్తకు అన్నాను. నా లెక్క ఏమిటంటే, టైలరమ్మ వండుతుంది, గిన్నె ఇస్త్రీ ఆమెకి పంపుతుంది, ఇస్త్రీ ఆమె పద్ధతి ప్రకారం ఆ గిన్నె నా గుమ్మానికి తెస్తుంది. పై నుంచి కిందికి గిన్నె వెళ్తోందేమిటని నా కూతురు అడుగుతుంది. అప్పుడు తెలుస్తుంది. అప్పుడు వస్తుంది.

గిన్నె ఇస్త్రీ ఆమె దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. నిలదీస్తే, వేడివేడిగా ఉంది పెద్దమ్మా, మీ గుమ్మం దాకా నా నోరు ఆగలేదు అంది. పేరు ఎత్తొద్దన్నారుగా, ఎత్తలేదు చూశారా అని కూడా అంది. ఈలోగా టైలరమ్మ ఆ కూర నా కూతురికి చెప్పింది. నా కూతురు వండింది. గిన్నె పైకే వెళ్లింది. నా కూర కాస్తా ఈ మేడలో టైలరక్క గుమ్మడికాయ అయి కూర్చుంది. కళ్లలో నిప్పులు పోసుకుని చూస్తూ కూర్చున్నాను. చెప్పుకుంటే ఇంత చిన్నదానికా అంటారు.

పోయిన వానల్లో నా కూతురికి జ్వరం వచ్చింది, తగ్గలేదు. ఆసుపత్రిలో ఏదీ ముట్టేది కాదు. ఏం తింటావే తల్లీ అంటే, టైలరక్క గుమ్మడికాయ అంది. ఇంటికొచ్చి నా బాణలిలో నేనే చేశాను. డబ్బా ఒళ్లో పెట్టుకుని బస్సులో వెళ్లాను. రెండు ముద్దలు తింది. అచ్చం టైలరక్క చేసినట్టే ఉందమ్మా, ఎప్పుడు నేర్చుకున్నావు అంది. మెచ్చుకోవాలనే అంది. ఈమధ్యనే అన్నాను. దాని నోటికి నేను అందించింది అదే ఆఖరు.

టైలరమ్మా, ఇది నీకు ఇప్పుడే తెలుస్తోంది. ఏడవకు. నిన్ను ఏడిపించడానికి రాయలేదు, లెక్క తేల్చడానికి రాశాను. సదరు గుమ్మడికాయ కూర నాదని, నీది కాదని, ఇస్త్రీ ఆమెది అంతకన్నా కాదని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. ఈ మేడలో ఎవరు ఆ కూర వండినా చెప్పినందుకు గిన్నె నాకు రావాలి. ఇంతవరకు రానివి వదిలేస్తున్నాను. ఇకముందు రావలసిన గిన్నెల మీద హక్కంతా నా మనవరాలికి దఖలు పరుస్తున్నాను. గిన్నె సరాసరి పిల్ల చేతికే ఇవ్వాలి. మధ్యలో ఎవరి చేతికీ ఇవ్వకూడదు.

ఆ కూరని ఇకమీదట అమ్మమ్మ కూర అనాలని ఇక్కడ ఒక వాక్యం రాసి కొట్టేశాను. కొట్టేసిన చోట సంతకం పెట్టాను, చూడండి. పిల్ల టైలరమ్మని పిన్నీ అంటుంది. కూరని మాత్రం టైలరక్క గుమ్మడికాయ అంటుంది, వాళ్లమ్మ అన్నట్టే, గొంతు కూడా అలాగే పెట్టి. అది నా కూతురి మాట. మార్చమనడానికి నాకు నోరు రాలేదు.

6. ఇక అసలు విషయం. పిల్ల రాత్రి భోజనం.

అల్లుడిది సాయంత్రం డ్యూటీ. అతను వచ్చేసరికి పిల్ల నిద్రపోతుంది. ఇప్పటిదాకా నా దగ్గరే తింటోంది. నేను పోయాక ఎవరు పెట్టాలి? ఇది రాయడానికే ఈ కాగితం మొదలుపెట్టాను. పై అంశాలన్నీ దీన్ని వాయిదా వేయడానికి రాసినవే.

కోడలు తీసుకెళ్తానంది. మంచి మనసుతోనే అంది. కానీ వాళ్ల ఇల్లు ఊరికి అవతలి కొస. బడి మారాలి, తండ్రిని వదలాలి. పైగా వాళ్లింట్లో భోజనం ఫోనులో వస్తుంది. పిల్లని అడిగితే తల అడ్డంగా ఊపింది. ఇస్త్రీ ఆమెని తలుచుకున్నాను, పిల్లకి ఏమీ మిగలదు. మొదటి అంతస్తు నర్సమ్మని అనుకున్నాను, ఆవిడకి డ్యూటీ పగలో రాత్రో ఆవిడకే తెలియదు. మేడంతా మనసులోనే ఎక్కి దిగాను. ఎన్నిసార్లు ఎక్కినా మూడో అంతస్తులోనే ఆగుతున్నాను.

కాబట్టి నా తదనంతరం నా మనవరాలి రాత్రి భోజనం టైలరమ్మకి అప్పగిస్తున్నాను. ఆమె ఒప్పుకుంటుందా అని అడగలేదు. ఒప్పుకుంటుంది. అదీ నాకు మంటే.

దీనికోసం నా ఇనప బాణలి టైలరమ్మకి ఇస్తున్నాను. ఇచ్చేయడం కాదు, వాడుకోవడానికి మాత్రమే. పిల్ల సొంతంగా పొయ్యి వెలిగించే రోజున తిరిగి దానికి ఇవ్వాలి. సబ్బు పెట్టి తోమకూడదు. కడిగి, వేడి చేసి, నూనె రాసి పెట్టాలి. పిల్లకి బీన్సులో పీచు ఉంటే గొంతులో పడుతుంది, తీసి వండాలి. అన్నం కింద, కూర పక్కన పెట్టాలి, మీద పోస్తే తినదు. ఏం వండను అని రోజూ పిల్లనే అడిగి విసిగించకూడదు. మెట్ల దగ్గర అడగండి, అందరూ ఉన్నారు. అలాగని పిల్ల ఏదైనా చెప్తే, చిన్నపిల్లని తీసిపారేయకుండా వండి, గిన్నె దానికే ముందు పెట్టాలి.

7. ఆఖరి షరతు. ఎవరి వంట బాగుంది, నాదా మీ అమ్మమ్మదా అని టైలరమ్మ పిల్లని ఎప్పుడూ అడగకూడదు. నేను అడిగాను. పిల్ల చాలాసేపు అన్నం కెలికి, అమ్మది అంది.

ఇది నేను ఇష్టపూర్వకంగా రాసి, మొదటి నుంచి చివరిదాకా పైకి చదువుకుని, సరిపోయిందనుకుని సంతకం పెట్టిన వీలునామా.

తేదీ: 10-11-2019, ఆదివారం.

(సంతకం)
కింది వాటా పెద్దమ్మ

సాక్షులు:
1. వీధి మొదట్లో మందుల షాపు ఆయన. చదవకుండానే సంతకం పెట్టాడు.
2. ఇస్త్రీ ఆమె. సాక్షి సంతకం పెట్టేవాళ్లకి వీలునామాలో ఏదీ రాయకూడదట. అందుకే ఆమెని సాక్షిగా పెట్టుకున్నాను.