పుల్లమ్మగారి మీసాలు

జగ్గయ్యపేట,
4-6-1974

చూడామణి ప్రచురణల సంపాదకులు ఉమాకాంతంగారికి నమస్కారాలు.

నా నవల రిజిస్టర్డ్ పోస్టులో పంపి ఆరు నెలలైంది. అట్ట మీద నా పేరు చూసుకోవాలని నాలుగేళ్లు కూర్చుని రాశా. వేస్తారో వెయ్యరో ఒక్క ముక్క రాయండి.

ఇట్లు,
పుల్లమ్మ

తా.క.: జవాబు కవరు కూడా పెట్టా. ఖాళీదైనా సరే, పంపండి.


నందిగామ,
19-6-1974

శ్రీయుతులు పుల్లమ్మగారికి,

ఇప్పుడు ఆడవాళ్ల నవలలే అమ్ముడుపోతున్నాయని మగవాళ్లంతా ఆడపేర్లతో పంపుతున్నారు. తప్పులేదు, మేమూ వేస్తున్నాం. కానీ పేరు నమ్మేటట్టుండాలి గదండీ. పుల్లమ్మేమిటి! పైగా మీ కథానాయిక మొదటి పేజీలోనే మిరపకాయల తొడిమలు తీస్తోంది. నిజంగా ఆడవారు రాస్తే ఆ పాటికి కారు దిగి ఉండేది. మీకు ఆడవాళ్ల సంగతి బొత్తిగా తెలీదు.

భవదీయుడు,
ఉమాకాంతం

తా.క.: చేతిరాత మాత్రం అచ్చం ఆడవాళ్ల రాతలాగే కుదిరింది. బాగా శ్రమపడ్డారు.


జగ్గయ్యపేట,
25-6-1974

అయ్యా,

నేను ఆడదాన్నే. ముగ్గురు పిల్లల్ని కన్నా. మా వీధిలో కార్లు దిగేవాళ్లు లేరు, కాయల తొడిమలు తీసేవాళ్లే ఉన్నారు. వాళ్ల గురించే రాశా. ఆడపిల్లల స్కూలు హెడ్మిస్ట్రెస్ భారతీదేవిగారి సర్టిఫికెట్ జతచేశా, చూసుకోండి.

ఇట్లు,
ఆడమనిషి పుల్లమ్మ

తా.క.: పుల్లమ్మ మా నాయనమ్మ పేరు. ఆవిడా ఆడదే.


నందిగామ,
8-7-1974

పుల్లమ్మ అనబడేవారికి,

సర్టిఫికెట్ అందింది. ఆ భారతీదేవిగారు కూడా మగాయనేమో కనుక్కోండి. మేం వేసే నలుగురు 'దేవి'లకీ మీసాలున్నాయి. మొండితనం మాని అసలు పేరు చెబితే నవల వెంటనే వేస్తాం. మంచి ఆడపేరు మేమే పెడతాం.

భవదీయుడు,
ఉమాకాంతం

తా.క.: ముగ్గురు పిల్లలన్నారు. వాళ్లమ్మగారిని అడిగామని చెప్పండి.


జగ్గయ్యపేట,
15-7-1974

అయ్యా,

మీతో వేగలేను. సరే, మగాణ్ణే. పేరు కృష్ణయ్య. మీ ఇష్టమొచ్చిన పేరు పెట్టుకోండి. ఇంత కష్టపడి రాస్తే నా పేరు నాకు దక్కలేదని కడుపు మండిపోతోంది. అయినా పుస్తకం రావాలి.

ఇట్లు,
కృష్ణయ్య

తా.క.: మీసాలున్నాయి. కావాలంటే హెడ్మిస్ట్రెస్‌గారి చేత సర్టిఫికెట్ పంపిస్తా.


నందిగామ,
2-3-1976

మిత్రులు కృష్ణయ్యగారికి,

'కనకవల్లి' పేరుతో వేసిన మీ నవల రెండో ముద్రణకొచ్చింది. మిరపకాయల ఘట్టం చదివి ఆడవాళ్లు ఏడుస్తున్నారు. మగవారై ఉండి వాళ్ల మనసు ఎలా పట్టుకున్నారండీ! రెండో నవల త్వరగా పంపండి. అయితే బజారులో కనకవల్లులు మరీ ఎక్కువైపోయారు. పాఠకులిప్పుడు పల్లెటూరి పేర్లు అడుగుతున్నారు. అందుకని రెండో నవలకి మీరు మొదట్లో కల్పించిన పేరే ఖాయం చేశాం. 'పుల్లమ్మ' అని అట్ట కూడా అచ్చయింది. ఎంత ముందుచూపండీ మీది!

భవదీయుడు,
ఉమాకాంతం

తా.క.: వచ్చే నెల ఇక్కడ సన్మానం. కనకవల్లి అసలు పేరు పుల్లమ్మేనని ప్రకటించాం, అందరూ పుల్లమ్మగారిని కళ్లారా చూడాలంటున్నారు. మీరు చీర కట్టుకుని రాగలరా? కట్టుకోవడం రాకపోతే మా ఆవిడ నేర్పుతుంది.