కర్టిస్ ఎలుకలు

ఫిబ్రవరి 3
బాస్ లిండ్‌క్విస్ట్ ఇవాళ నన్నూ కర్టిస్‌నూ గదిలోకి పిలిచింది. గ్రాంటు సగానికి కోసేశారట. జూన్ తర్వాత ఒక్కరికే జీతం. థైమస్ గొడవలో ఎవరి మాట నిలబడితే వాళ్లే ల్యాబ్‌లో ఉంటారట. కర్టిస్ నవ్వాడు. వాడి నవ్వు తగలెయ్య!

ఫిబ్రవరి 4
గొడవ ఇదీ. గుండె పైన ఉండే థైమస్ గ్రంథిలో, రోగాలతో పోరాడే టి కణాలు తయారవుతాయి. అక్కడ ఐఎల్-7 అనే సైటోకైన్, అంటే కణాలకు కబురందించే ప్రోటీన్, అందితేనే పిల్ల కణాలు కిల్లర్ కణాలవుతాయని కర్టిస్ వాదన. ఐఎల్-7 తీసేసిన వాడి ఎలుకల్లో కిల్లర్లు తగ్గాయి, థైమస్ కూడా చిక్కిపోయింది. అదంతా స్ట్రెస్ వల్లేనంటాను నేను. బెదిరిన ఎలుకకు థైమస్ ఎండిపోతుందని ఫస్టియర్ పిల్లలకు కూడా తెలుసు.

ఫిబ్రవరి 11, మధ్యాహ్నం
దొరికాడు! ఐఎల్-7 లేని మగ ఎలుకలన్నిటినీ ఒకే బోనులో కుక్కాడు. కొట్టుకు చస్తున్నాయి. తోకల నిండా కాట్లు. మామూలు ఎలుకలేమో పక్క బోనులో హాయిగా పడుకున్నాయి.

ఫిబ్రవరి 13
మీటింగ్‌లో అందరి ముందూ ఆ కాట్ల ఫొటోలు వేశాను. నీకు నోరొక్కటేనా, కళ్లు కూడా ఉన్నాయా అని కర్టిస్‌ను అడిగాను. బేగెల్ నములుతున్న దవడ ఆగిపోయింది. అంత పొగరుంటే నువ్వే చేసి చూపించు, నేను ఆ గది ఛాయలకు కూడా రాను అన్నాడు. లిండ్‌క్విస్ట్ సరేనంది. ఈసారి ఆడ ఎలుకలు, రెండు రకాలూ ఒకే బోనులో. ఆడవి అలా కొట్టుకోవు. ఇక వాడి పని అయిపోయినట్టే.

ఏప్రిల్ 22
ఒక్క కాటు లేదు. రేపు ఎలుకల్ని కోసి చూస్తాను.

ఏప్రిల్ 23
థైమస్‌లు చిక్కిపోలేదు. అక్కడిదాకా నా మాటే నెగ్గింది. కిల్లర్లు మాత్రం తగ్గాయి. ఐఎల్-7 లేని ప్రతి ఎలుకలోనూ తగ్గాయి. కణాలు లెక్కపెట్టే మెషీన్‌ను తిట్టుకుని మళ్లీ నడిపాను. అదే.

వాడు చెప్పిందే నిజం. ఈ ముక్క రాస్తుంటే ఒళ్లు మండిపోతోంది.

ఏప్రిల్ 24
ఇది చూసింది నేనొక్కదాన్నే. తెర మీద ఏ కణం కిల్లరో నిర్ణయించే గీతను కాస్త పక్కకు జరిపితే చాలు, తేడా కనపడదు. జరిపాను. కనపడలేదు. అద్దె, ఇన్సూరెన్సు, ముప్పై తొమ్మిదేళ్లకు మళ్లీ ఉద్యోగం కోసం తిరగడం. నాకు భయమేసింది. ఏడుపు కూడా వచ్చింది. కర్టిస్ చేతిలో ఓడిపోతే ఓడిపోయాను. ఆ వెధవ కోసం దొంగనవ్వడమా? ఛీ! గీతను వెనక్కి పెట్టేశాను.

ఏప్రిల్ 25
చెప్పేశాను. ఇక దీన్ని ఎవరూ కాదనలేరని లిండ్‌క్విస్ట్ మురిసిపోయింది. తర్వాత గొంతు తగ్గించి, జూన్ సంగతి నీకు తెలుసుగా అంది. తెలుసు. కారిడార్‌లో కర్టిస్ వెంటపడి వచ్చి, నువ్వు చేశావు కాబట్టే అందరూ నమ్ముతారు అన్నాడు. నోరు మూసుకుని అవతలికి పో అన్నాను.

జూన్ 30
ఇవాళే ఆఖరు. నా పెట్టెలు కారు దాకా మోస్తానని కర్టిస్ వచ్చాడు. బరువైనవన్నీ వాడికే ఇచ్చాను.